తేడాకే హద్దులు కట్టండి: రెండు సగటులను పోల్చే పని గురించి

(జూన్ 29, గణాంక దినోత్సవం నాడు పరిశోధక విద్యార్థుల ముందు చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని రాసినది.)

అందరికీ నమస్కారం. వెనక వరసలో ఉన్నవాళ్లకు వినబడుతోందా? బోర్డు కనబడుతోందా? కనబడకపోతే ముందుకు రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. ఈ రోజు అంకెలు కొన్ని రాయాలి. అంకెలు చూడకుండా ఈ విషయం చెబితే అది తలకెక్కదు.

మీ థీసిస్‌లలో ఒక బొమ్మ తప్పకుండా ఉంటుంది. పక్కపక్కన రెండు స్తంభాలు, ఒక్కొక్క స్తంభం నెత్తిన నిలువుగా ఒక గీత. ఒకటి ఈ గ్రూపు సగటు, ఇంకొకటి ఆ గ్రూపు సగటు. గీతలేమో సగటుకు కింది హద్దు, పై హద్దు. వైవాలో ఎవరో ఒకరు లేచి అంటారు: "రెండు గీతలూ ఒకే ఎత్తులో కలుస్తున్నాయి కదా, కాబట్టి తేడా లేదు." అందరూ తల ఊపుతారు. విద్యార్థి కూడా ఊపుతాడు. ఈ వాక్యం మీరు విన్నారా లేదా? విన్నారు. మీలో కొందరు రాసి కూడా ఉంటారు.

నేనూ అన్నాను ఆ మాట. చాలా ఏళ్ల కిందట ఒక అమ్మాయి తన వరి ప్రయోగం లెక్కలు పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. రెండు పద్ధతులు, రెండు దిగుబడులు. నేను బొమ్మ చూశాను. గీతలు కలుస్తున్నాయి. తేడా ఏమీ లేదమ్మా, ఈ అధ్యాయం తీసేయ్ అన్నాను. తీసేసింది. రెండేళ్ల తర్వాత వేరే పని మీద ఆమె నోటుపుస్తకం తిరగేస్తుంటే తెలిసింది, ప్రతి రైతు పొలంలోనూ రెండు పద్ధతుల మళ్లూ పక్కపక్కనే వేసింది. అంటే అవి జతలు. జతలుగా లెక్క కడితే తేడా స్పష్టంగా ఉంది. నేను ఆ ప్రశ్న అడగనే లేదు. ఆమె రెండు పంటకాలాల కష్టం నా ఒక్క చూపుతో పోయింది. అది నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది. ఈ విషయం ఎక్కడ మాట్లాడమన్నా వెంటనే ఒప్పుకునేది అందుకే.

ముందు పేరు సంగతి చూద్దాం. దీన్ని మనం కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ అంటాం. తెలుగు పుస్తకాల్లో విశ్వాస అంతరం అని రాస్తారు. ఆ రెండు మాటలతోనూ నాకు ఇబ్బంది ఉంది. అంతరం అంటే తెలుగులో తేడా అని కూడా అర్థం ఉంది కదా? వయసులో అంతరం, హోదాలో అంతరం అంటాం. ఇప్పుడు రెండు సగటుల అంతరానికి విశ్వాస అంతరం అంటే వినేవాడికి ఏం అర్థమవుతుంది? ఇక విశ్వాసం. అది మనసులో ఉండే నమ్మకం. ఇక్కడ లెక్కకొచ్చేది మన మనసు మీద ఆధారపడింది కాదు. అందుకని ఈ గంటసేపు నేను హద్దులు అంటాను. కింది హద్దు, పై హద్దు. పొలానికి హద్దురాళ్లు వేసినట్టు.

ఇప్పుడు 95 శాతం అంటే ఏమిటి? మీలో ఎవరైనా చెప్పండి. అదిగో, ఆ బాబు అంటున్నాడు, అసలు సగటు ఈ హద్దుల మధ్య ఉండే అవకాశం 95 శాతం అని. వందలో తొంభై మంది ఇలాగే చెబుతారు. చాలా పుస్తకాల్లోనూ ఇలాగే ఉంటుంది. కానీ ఈ పద్ధతిని తయారుచేసిన యెర్జీ నేమాన్ ఉద్దేశం అది కాదు. 1934లో ఆయన ఈ ఆలోచనను లండన్‌లో రాయల్ స్టాటిస్టికల్ సొసైటీ ముందు పెట్టాడు, 1937లో పూర్తి సిద్ధాంతంగా రాశాడు. ఆయన చెప్పింది పద్ధతి గురించి. ఒక్కసారి వచ్చిన ఫలితం గురించి కాదు.

తిరునాళ్లలో రింగుల ఆట చూశారు కదా. కింద సబ్బుపెట్టెలు, పౌడరు డబ్బాలు, గడియారాలు పరిచి ఉంటాయి. మనం దూరం నుంచి రింగు వేస్తాం. రింగు దేని చుట్టూ పడితే అది మనది. ఆ ఆటలో కదలనిది ఏది? గడియారం. కదిలేది? రింగు. అసలు సగటు, అంటే అందరినీ కొలవగలిగితే వచ్చే సగటు, ఆ గడియారం లాంటిది. అది ఉన్నచోటే ఉంటుంది, మనకు కనబడకపోయినా సరే. మనం శాంపిల్ తీసుకున్న ప్రతిసారీ, అంటే అందరిలోంచి కొందరినే తీసుకుని కొలిచిన ప్రతిసారీ, ఒక రింగు వేస్తున్నాం. శాంపిల్ మారితే రింగు పడే చోటు మారుతుంది, రింగు వెడల్పు కూడా కాస్త మారుతుంది. 95 శాతం అంటే, ఈ చేతివాటంతో వందల సార్లు వేస్తే నూటికి 95 రింగులు గడియారం చుట్టూ పడతాయని. ఇప్పుడు మీరు ఒక్క రింగే వేశారు. వెయ్యగానే కరెంటు పోయింది. రింగు గడియారం చుట్టూ పడిందా లేదా? పడితే పడింది, లేకపోతే లేదు. చీకట్లో మీకున్న భరోసా అంతా మీ చేతివాటం మీదే.

ఈ తేడా మాటల కోసం పడే పట్టింపు అనుకోకండి. చేతివాటం మీద భరోసా అన్నాం కదా, మరి ఆ చెయ్యి ఎలా వేసింది అన్నది అప్పుడు ముఖ్యమవుతుంది. శాంపిల్ ఎలా తీశారు, ఎన్ని రింగులు వేసి ఏది చూపిస్తున్నారు, ఇవన్నీ లెక్కలోకి వస్తాయి. దీని దగ్గరికి మళ్లీ వస్తాను.

నిజమైన అంకెలు చూద్దాం. ఇవి నేను కల్పించినవి కావు. 1905లో కుష్నీ, పీబుల్స్ అని ఇద్దరు నిద్ర మందుల మీద చేసిన ప్రయోగం అచ్చయింది. అమెరికాలో మిషిగన్ రాష్ట్రం, కలమజూ ఊరిలోని మానసిక చికిత్సాలయంలో ఉన్న రోగుల మీద చేశారు. 1908లో ఒక యువకుడు ఆ పట్టికలోంచి పది మంది రోగుల లెక్క తీసుకుని తన వ్యాసంలో ఉదాహరణగా వాడాడు. ఆయన పేరు విలియం గాసెట్. డబ్లిన్‌లో గిన్నెస్ బీరు కంపెనీలో ఉద్యోగి. అక్కడి ఉద్యోగులు సొంత పేరుతో వ్యాసాలు అచ్చువేయకూడదు. అందుకని స్టూడెంట్ అన్న పేరుతో వేశాడు. మీరు రోజూ వాడే టి టెస్టు, అదే స్టూడెంట్స్ టి, అక్కడ పుట్టింది. బీరు కంపెనీలో బార్లీ ప్రయోగాలకు పదో పన్నెండో కొలతలు ఉంటాయి. అంత చిన్న శాంపిల్‌తో ఏం చెప్పగలం అన్నదే ఆయన ప్రశ్న. మీ ప్రశ్న కూడా అదే కదా?

మందుల పేర్లు ఆ వ్యాసంలో తప్పుగా పడ్డాయని తర్వాత బయటపడింది. మనం మొదటి మందు, రెండో మందు అందాం. మందు లేని రాత్రుల కన్నా ఎన్ని గంటలు ఎక్కువ నిద్ర పట్టిందో రాస్తున్నాను, రాసుకోండి.

మొదటి మందు: 0.7, మైనస్ 1.6, మైనస్ 0.2, మైనస్ 1.2, మైనస్ 0.1, 3.4, 3.7, 0.8, 0.0, 2.0.

రెండో మందు, అదే రోగులు, అదే వరసలో: 1.9, 0.8, 1.1, 0.1, మైనస్ 0.1, 4.4, 5.5, 1.6, 4.6, 3.4.

మొదటి దాని సగటు 0.75 గంట. రెండో దాని సగటు 2.33 గంటలు. తేడా 1.58, అంటే సుమారు గంటా ముప్పై అయిదు నిమిషాలు. నిద్ర పట్టనివాడికి గంటన్నర అంటే మాటలు కాదు. కానీ పది మందే కదా. హద్దులు కట్టాలి.

ముందు అందరూ చేసే పని చేద్దాం. ఏ మందుకు ఆ మందు విడిగా. మొదటి మందు సగటుకు 95 శాతం హద్దులు మైనస్ 0.53 నుంచి 2.03 వరకు. రెండో మందుకు 0.90 నుంచి 3.76 వరకు. బొమ్మ గీయండి. 0.90 నుంచి 2.03 దాకా రెండు గీతలూ కలుస్తున్నాయి. బాగా కలుస్తున్నాయి. వైవాలో పెద్దాయన లేచి ఏమంటాడు? తేడా లేదంటాడు.

సరే, ఇప్పుడు తేడాకే హద్దులు కడదాం. ఈ పది మందీ వేరు, ఆ పది మందీ వేరు అనుకుని ముందు లెక్క వేస్తాను. తేడా 1.58, దాని హద్దులు మైనస్ 0.21 నుంచి 3.37. సున్నా అంటే తేడా లేనట్టు. ఆ సున్నా హద్దుల లోపలే ఉంది. పెద్దాయన మాటే నిజమైంది అనిపిస్తుంది.

కానీ ఆగండి. ఈ పది మందీ, ఆ పది మందీ వేరా? కాదు! ఒకే పది మంది. రెండు మందులూ వాళ్లే వేసుకున్నారు. ఆరో రోగిని చూడండి: 3.4, 4.4. ఏడో రోగి: 3.7, 5.5. వీళ్లకు ఏ మందు ఇచ్చినా బాగానే నిద్ర పడుతుంది. రెండో రోగి: మైనస్ 1.6, 0.8. ఆయనకు ఏది ఇచ్చినా అంతంత మాత్రమే. మనిషికీ మనిషికీ ఉన్న ఈ తేడా, మందుకూ మందుకూ ఉన్న తేడాను కప్పేస్తోంది. కాబట్టి ప్రతి మనిషికీ వాడి తేడా వాడికే తీయండి. 1.2, 2.4, 1.3, 1.3, 0.0, 1.0, 1.8, 0.8, 4.6, 1.4. సగటు మళ్లీ అదే 1.58. హద్దులు? 0.70 నుంచి 2.46 వరకు.

చూశారా? అవే ఇరవై అంకెలు. అదే 1.58. ఒక లెక్కలో హద్దులు సున్నాను దాటి అవతలికి పోయాయి, ఇంకో లెక్కలో సున్నా దరిదాపుల్లో లేదు. ఏది సరైనది? రెండోది. ఎందుకంటే ప్రయోగం అలా చేశారు కాబట్టి. లెక్క మనకు నచ్చినట్టు ఎంచుకునేది కాదు, ప్రయోగం ఎలా జరిగిందో దాన్ని బట్టి వచ్చేది. విడి విడి మనుషుల మీద చేసి, తర్వాత జతలు కలిపితే కుదరదు. గాసెట్ కూడా 1908లో ఈ తేడాల వరసనే తీసుకుని లెక్క కట్టాడు.

నా దగ్గరికి వచ్చిన అమ్మాయిని నేను అడగని ప్రశ్న ఇదే. ఎవరు ఏ కొలత ఇచ్చారు? ఒకే రైతా, ఇద్దరు రైతులా?

ఇప్పుడు ఇంకో మెలిక. జతలు లేవనుకోండి, నిజంగానే రెండు గ్రూపులూ వేరు. అప్పుడైనా గీతలు కలిస్తే తేడా లేదనవచ్చా? అప్పుడూ అనకూడదు. ఇది ఊరికే చెప్పడం కాదు, బోర్డు మీద చూపిస్తాను.

ఊహించుకోండి, రెండు సెక్షన్ల మార్కులు. ఏ సెక్షన్ సగటు 62, అటూ ఇటూ 4. అంటే 58 నుంచి 66. బి సెక్షన్ సగటు 68, అటూ ఇటూ 4. అంటే 64 నుంచి 72. పెద్ద తరగతులే అనుకుందాం, చిన్న శాంపిల్ గొడవ వద్దు. 64 నుంచి 66 దాకా గీతలు కలుస్తున్నాయి. ఇక తేడా 6. దాని హద్దులు ఎంత దూరం పోతాయి? నాలుగూ నాలుగూ ఎనిమిది అంటారా? చాలామంది కళ్లతో చూసినప్పుడు తెలియకుండానే ఆ ఎనిమిదే అనుకుంటారు. గీతలు కలవకూడదు అంటే ఎనిమిది కావాలని అడిగినట్టే.

పొలం ఒక మూల నుంచి ఎదురుమూలకు పోవాలి. గట్టు వెంట పోతే నాలుగు గజాలు, మలుపు, ఇంకో నాలుగు గజాలు. మొత్తం ఎనిమిది. అడ్డంగా పడి పోతే? నాలుగు నాలుగుల పదహారు, పదహారూ పదహారూ ముప్పై రెండు, దాని వర్గమూలం 5.66. రెండు స్వతంత్ర సగటుల దోషాలు కూడా ఇలాగే అడ్డదారిన కలుస్తాయి. ఎందుకని? ఏ సెక్షన్ సగటు కిందికి తప్పిన రోజునే బి సెక్షన్ సగటు పైకి తప్పాలన్న నియమమేమీ లేదు. ఒకసారి రెండూ ఒకవైపే తప్పుతాయి, ఒకసారి ఎదురెదురుగా తప్పుతాయి. అందుకని రెండు దోషాలూ పూర్తిగా కూడుకోవు. తేడా 6, అటూ ఇటూ 5.66. హద్దులు 0.34 నుంచి 11.66. సున్నా బయట ఉంది. గీతలు కలిసినా తేడా ఉంది!

కాబట్టి విడి విడి గ్రూపుల్లో గీతలు అసలు కలవకపోతే తేడా ఉందని ధైర్యంగా చెప్పవచ్చు. కలిస్తే మాత్రం బొమ్మ చూసి ఏమీ చెప్పకూడదు, కూర్చుని తేడాకే హద్దులు కట్టాలి. ఇంకో మాట, ఆ గీతలు ఏమిటో బొమ్మ కింద రాయండి. కొందరు ప్రామాణిక విచలనం, అంటే విడి కొలతలు ఎంత చెదిరి ఉన్నాయో అది గీస్తారు, కొందరు ప్రామాణిక దోషం, అంటే శాంపిల్ మారితే సగటు ఎంత ఊగుతుందో అది గీస్తారు, కొందరు 95 శాతం హద్దులు గీస్తారు. మూడూ బొమ్మలో ఒకేలా కనబడతాయి, మూడింటి అర్థాలూ వేరు. రాయకపోతే చదివేవాడు ఊహించుకోవాలి.

ఏమ్మా, చెయ్యి ఎత్తారు? అడగండి. ఆమె అడుగుతోంది, సున్నా లోపల ఉంటే తేడా లేదని రాయవచ్చు కదా అని. మంచి ప్రశ్న. దీని మీద కాసేపు ఆగుదాం, ఎందుకంటే అసలు నష్టం జరిగేది ఇక్కడే.

జతలు కట్టని లెక్క మళ్లీ చూడండి. మైనస్ 0.21 నుంచి 3.37. దీన్ని మనుషుల భాషలో చదవండి. రెండో మందు వేసుకుంటే మొదటి మందు కన్నా పన్నెండు నిమిషాలు తక్కువ నిద్ర పట్టవచ్చు. మూడు గంటలా ఇరవై రెండు నిమిషాలు ఎక్కువ పట్టనూవచ్చు. ఈ మొత్తంలో ఏదైనా ఈ అంకెలతో పొసుగుతుంది. ఇందులో తేడా లేదు అన్న మాట ఎక్కడుంది? మూడు గంటల నిద్ర దొరికే వీలున్నచోట తేడా లేదని రాసేస్తామా? ఇక్కడ రాయాల్సింది, ఈ శాంపిల్‌తో తేల్చలేకపోయాం అని. తేల్చలేకపోవడం వేరు, లేదని తేలడం వేరు. ఇంటి తాళంచెవి చీకట్లో వెతికితే దొరకలేదంటే ఇంట్లో లేదని కాదు కదా.

మరి తేడా లేదని ఎప్పుడైనా చెప్పగలమా? చెప్పగలం. దానికి ముందే ఒక పని చెయ్యాలి. ఎంత తేడా ఉంటే మనకు లెక్క, ఎంత ఉంటే పట్టించుకోనక్కర్లేదు అన్నది ప్రయోగానికి ముందే రాసి పెట్టుకోవాలి. నిద్ర విషయంలో డాక్టరుగారు అరగంట కన్నా తక్కువైతే నాకు అక్కర్లేదు అన్నారనుకుందాం. ఒక ప్రయోగంలో హద్దులు మైనస్ 4 నిమిషాల నుంచి 6 నిమిషాల వరకు వచ్చాయనుకోండి. ఇప్పుడు చెప్పవచ్చు, పనికొచ్చే తేడా ఏమీ లేదని. ఎందుకంటే హద్దులు రెండూ అరగంటకు చాలా లోపల ఉన్నాయి.

అదే కొలబద్దతో మన జతల లెక్క చదవండి. 0.70 గంట అంటే 42 నిమిషాలు. 2.46 అంటే రెండు గంటలా 28 నిమిషాలు. కింది హద్దు కూడా అరగంట దాటింది. కాబట్టి డాక్టరుగారికి ఇది పనికొచ్చే తేడా. ఆయన అరగంట అనకుండా కనీసం గంట కావాలి అని ఉంటే? అప్పుడు కింది హద్దు 42 నిమిషాల దగ్గరే ఆగింది, గంటకు చేరలేదు. తేడా ఉంది కానీ ఆయన అడిగినంత ఉందో లేదో తేలలేదు. అవే అంకెలు, రెండు జవాబులు. ఈ జవాబు పి వాల్యూ ఒక్కటే, అంటే నిజానికి తేడా లేకపోతే ఇంత తేడా గానీ ఇంతకన్నా పెద్దది గానీ కనబడే అవకాశం ఎంతో అది ఒక్కటే, చూస్తే దొరకదు. సున్నా లోపలా బయటా అని మాత్రమే చూసి పక్కన పెట్టేసేవాళ్లు హద్దులు కట్టి కూడా వాటిని చదవనట్టే.

ఇప్పుడు రింగుల ఆట దగ్గరికి మళ్లీ వస్తానన్నాను కదా.

1879లో ఆల్బర్ట్ మైకెల్సన్ అమెరికాలో అన్నాపోలిస్ నౌకాదళ అకాడమీలో కాంతి వేగం కొలిచాడు. ఆయన వంద కొలతలు ఇప్పటికీ గణాంకాల సాఫ్ట్‌వేర్‌లలో పాఠం కోసం దొరుకుతాయి. ఇరవై చొప్పున అయిదు గ్రూపులుగా ఉంటాయి. సెకనుకు కిలోమీటర్లలో, 299,000 మీద ఎంత అన్నది మాత్రం రాస్తాను. గ్రూపుల సగటులు 909, 856, 845, 820.5, 831.5. మొదటి గ్రూపుకూ నాలుగో గ్రూపుకూ తేడా 88.5. తేడాకు హద్దులు కట్టాను. సుమారు 33 నుంచి 144. సున్నా చాలా దూరంలో ఉంది.

ఏమనాలి ఇప్పుడు? మొదటి ఇరవై కొలతలప్పుడు కాంతి వేగంగా పోయిందనా? ఎవరూ ఒప్పుకోరు. కాంతి అదే. పరికరమూ అదే. లెక్క కూడా తప్పు చేయలేదు. మరి?

రెండు సంగతులు. ఒకటి, అయిదు గ్రూపుల్లోంచి అన్నిటికన్నా పెద్దదాన్నీ, అన్నిటికన్నా చిన్నదాన్నీ ఏరి పక్కన పెట్టింది నేను. అయిదు గ్రూపుల్లో పది జతలు వస్తాయి. పది రింగులు వేసి, వింతగా పడిన ఒక్కటి తెచ్చి మీకు చూపించాను. ఒక్క రింగుకు నూటికి అయిదు తప్పులైతే, పదింటిలో ఎక్కడో ఒకటి తప్పే అవకాశం అంతకన్నా చాలా ఎక్కువ. మీ థీసిస్‌లో ఎనిమిది రకాల విత్తనాలు పోల్చినప్పుడు ఇరవై ఎనిమిది జతలు వస్తాయి. అందులో ఒక జత మాత్రమే పట్టికలో వేస్తే, మిగతా ఇరవై ఏడు ఏమయ్యాయో చదివేవాడికి చెప్పాలి. అలా చాలా జతలు పోల్చినప్పుడు హద్దులను వెడల్పు చేసే పద్ధతులున్నాయి, మీ సాఫ్ట్‌వేర్‌లో టూకీ (Tukey) అనే గణాంక శాస్త్రవేత్త పేరుతో ఒకటి ఉంటుంది, వాడండి.

రెండోది ఇంకా ముఖ్యం. రోజు రోజుకీ పరికరం సర్దుబాటు, వేడి, చూసే కన్ను, ఇవి కొద్ది కొద్దిగా మారుతుంటాయి. గ్రూపుల మధ్య తేడా వచ్చిందంటే ఏదో మారిందని హద్దులు చెబుతాయి. ఏది మారిందో చెప్పవు. మొత్తం వంద కొలతల సగటు 852.4. దాని హద్దులు అటూ ఇటూ 16 కూడా లేవు. ఎంత ఇరుకో చూడండి. కానీ ఆయన కొలిచింది గాలిలో. ఈ రోజు మనకు తెలిసిన విలువను ఆ మేరకు సర్దుబాటు చేసి పోలిస్తే ఆ సగటు వంద కిలోమీటర్లకు పైగా ఎక్కువ. రింగు చిన్నదే, గట్టిగా పడింది, కానీ గడియారం అక్కడ లేదు. మైకెల్సన్ చాలా గొప్ప ప్రయోగశీలి, ఆ కాలానికి అది అద్భుతమైన కొలత. అంతటివాడి కొలతలోనూ ఒకవైపుకే లాగే దోషం ఉంది. హద్దులు చెప్పేది శాంపిల్ మారితే వచ్చే ఊగిసలాట మాత్రమే. తూకం రాయే తేలికదైతే వెయ్యి సార్లు తూచినా తూకం సరికాదు.

మీ పనిలో ఇది ఎలా వస్తుంది? ఒక పద్ధతి పాటించేవాళ్లంతా నీటి సదుపాయం ఉన్న రైతులే, పాటించనివాళ్లంతా వర్షం మీద ఆధారపడ్డవాళ్లే అయితే, తేడాకు మీరు ఎంత చక్కగా హద్దులు కట్టినా అది నీటి తేడానో పద్ధతి తేడానో తేలదు. ఏ మడికి ఏ పద్ధతి అన్నది చీటీలు వేసి పంచారా? అది ముందు అడగాలి.

హద్దులను ఇరుకు చేయడం ఎలా అని మీరు అడగబోతున్నారు. శాంపిల్ పెంచాలి. కానీ ఇక్కడ వర్గమూలం అడ్డొస్తుంది. వెడల్పు సగం కావాలంటే శాంపిల్ రెట్టింపు చేస్తే చాలదు, నాలుగింతలు చేయాలి. పది మంది రోగులు నలభై మంది కావాలి. డబ్బు నాలుగింతలు, రోజులు నాలుగింతలు. అందుకే జతలు కట్టడం లాంటి ఉపాయాలకు అంత విలువ. పది మందితోనే మన నిద్ర లెక్కలో హద్దుల వెడల్పు 3.57 నుంచి 1.76కు వచ్చింది, సగం అయింది. ఒక్క రోగి కూడా పెరగలేదు. ప్రయోగాన్ని ముందే సరిగ్గా ఆలోచిస్తే మిగిలే కష్టం ఇంత.

ఎంత ఉపాయం చేసినా ఒక గీత దాటి ఇరుకు చేయలేం అని చూపించినవాడు మన సి.ఆర్. రావుగారు. కల్యంపూడి రాధాకృష్ణరావు. గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్నం బడుల్లో చదువుకుని, ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో ఎమ్మే గణితం చేసి కలకత్తా వెళ్లిన మనిషి. 1945లో అచ్చయిన వ్యాసంలో, పక్షపాతం లేని, అంటే ఒకవైపుకే లాగని, ఏ అంచనాకైనా చలనం (వేరియన్స్, అంటే ఊగిసలాట) ఇంతకన్నా తగ్గదు అని ఒక కనీస హద్దు నిరూపించాడు. ప్రపంచమంతా క్రామెర్-రావు హద్దు అని చదువుకుంటోంది. ఈ దినోత్సవం ఎవరి పుట్టినరోజు, ఆ మహలనోబిస్‌గారు పెంచిన ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేస్తూ ఇది సాధించాడు. 2023లో, నూట రెండేళ్ల వయసులో, గణాంక శాస్త్రంలో అంతర్జాతీయ బహుమతి ఆయనకు వచ్చింది. అదే సంవత్సరం ఆగస్టులో మనల్ని వదిలి వెళ్లారు. ఈ చదువు మనకు ఎక్కడో బయటి నుంచి వచ్చిన సరుకు అనుకునే పిల్లలకు ఆ బడుల పేర్లు నేను తప్పకుండా చెబుతాను.

ఇక రాసే పద్ధతి ఒక్కటి చెప్పి ముగిస్తాను. మీ ఫలితాన్ని ఇలా రాయండి: "అదే పది మంది రోగుల్లో రెండో మందుతో సగటున 1.58 గంటలు ఎక్కువ నిద్ర పట్టింది. ఈ తేడాకు 95 శాతం హద్దులు 0.70 నుంచి 2.46 గంటలు." ఇందులో ఎవరు, ఎంతమంది, ఏ కొలమానం, ఎంత తేడా, ఎక్కడి నుంచి ఎక్కడిదాకా, అన్నీ ఉన్నాయి. చదివేవాడు తన నిర్ణయం తాను తీసుకోగలడు. తేడా గణనీయం అని ఒక్క మాట రాసి వదిలేస్తే అతని చేతికి ఏమీ ఇవ్వనట్టు.

ఇంకొకటి, ఈ హద్దులు సగటు తేడాకు. ఒక్కొక్క మనిషికి కాదు. అయిదో రోగిని చూడండి. ఆయనకు తేడా సున్నా. రెండు మందులతోనూ నిద్ర ఒకేలా కాస్త తగ్గింది. తొమ్మిదో రోగికి ఏకంగా 4.6 గంటల తేడా. ఇద్దరూ 0.70 నుంచి 2.46 అన్న హద్దుల బయటే ఉన్నారు. అందులో తప్పేమీ లేదు. నాకు ఎంత నిద్ర పడుతుంది డాక్టరుగారూ అని అడిగిన మనిషికి ఈ రెండు అంకెలు చూపించి ఇదే నీకు దొరికే నిద్ర అని చెబితేనే తప్పు.

ఆ తొమ్మిదో రోగి మీద మీకో లెక్క ఇస్తున్నాను. ఆయన్ని తీసేయమని కాదు, లెక్కల్లోంచి మనుషుల్ని మనకు నచ్చినట్టు తీసేయకూడదు. ఏం జరుగుతుందో చూడటానికి మాత్రం ఆయన్ని పక్కన కూర్చోబెట్టి, మిగిలిన తొమ్మిది తేడాలకూ హద్దులు కట్టండి. సగటు 1.58 నుంచి 1.24కు దిగుతుంది. సగటు దిగింది కదా, కింది హద్దు కూడా దిగుతుందనుకుంటారు. దిగదు. 0.70 దగ్గర ఉన్నది 0.74కు ఎక్కుతుంది. ఎందుకు ఎక్కిందో సాఫ్ట్‌వేర్‌ను అడగకుండా, కాగితం మీద ఆ తొమ్మిది అంకెలూ రాసుకుని చూడండి. టీ తర్వాత ఇక్కడే ఉంటాను, జవాబు దొరికినవాళ్లు వచ్చి చెప్పండి.